గోరు పట్టని తూటా

చూలై అనే పేటలో మా పుట్టింటి ముందుగదే మా నాయన పనిగది. తుపాకులు బాగుచేసే లైసెన్సు ఆయన పేరున ఉండేది. ఒకపక్క పెళ్లిపత్రికలు అచ్చువేసే కొట్టు, ఇంకోపక్క మోటార్లకు తీగ చుట్టే కొట్టు, నడుమ ఇనుప గ్రిల్లు వేసిన మా తలుపు. బోర్డు చిన్నది. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తప్ప దాన్ని ఎవరూ చదవరు. లోపల కిటికీ కింద పనిబల్ల, దానికి ఎదురుగా వంటింటి గుమ్మం. బల్ల దగ్గర కూర్చున్న మనిషి తలెత్తితే పొయ్యి దగ్గర అమ్మ కనిపించేది.

చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడిలో వేస్తే నెలలో సగం రోజులు పడకమీదే ఉండేదాన్ని. చివరికి మానిపించారు. అక్షరాలు అమ్మ నేర్పింది, స్తోత్రాల పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని. లెక్కలు నాయన ఈ బల్ల దగ్గర నేర్పించాడు, మరలు లెక్కపెట్టించి, స్కేలు మీద గీతలు చదివించి. బడికి పోలేదన్న బాధ నాకు ఎప్పుడూ లేదు. ఆ జబ్బే లేకపోతే మా నాయన చేతుల్ని అంత దగ్గరగా చూసే భాగ్యం నాకు దక్కేది కాదు. ఆ మాట అప్పుడూ అనుకునేదాన్ని, ఇప్పుడూ అనుకుంటున్నాను, ఇప్పుడు వేరే కారణానికి.

పెళ్లయ్యాక కాపురం పురసవాక్కంలో. ఇంట్లో అందరూ పనులకు వెళ్లాక షేర్ ఆటో ఎక్కి రోజూ చూలై వచ్చేదాన్ని. పనిముట్లు అందించడం, వచ్చిన తుపాకీని, పోయిన తుపాకీని రిజిస్టరులో ఎక్కించడం నా వంతు. తుపాకీ మీద చేయి వేయడం మాత్రం నాయన ఒక్కడి పని. లైసెన్సులో ఉన్నది ఆయన పేరు. ఆ గీత నేను ఎప్పుడూ దాటలేదు.

నాయనకు చక్కెర జబ్బు. చూపు తగ్గిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎంత తగ్గిందో ఎవరికీ తెలియదు. అడిగితే, "అద్దాలు మార్చుకోవాల పాపా, పోదాంలే" అనేవాడు. పోయేవాడు కాదు. లైసెన్సు కొత్తది చేయించుకునే సమయం దగ్గరపడుతోంది. ఆ బల్ల లేకుండా మా నాయన ఏమవుతాడో ఊహించడానికి కూడా నాకు ధైర్యం ఉండేది కాదు. ఆయనకు స్నేహితులు లేరు, సినిమా లేదు, పేకాట లేదు. పొద్దున స్నానం, స్వామికి దండం, బల్ల. అంతే.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లోనో, అనుమతి ఉన్న కొట్లలోనో అప్పగించాలి. మా దగ్గర కూడా కొన్ని పెట్టేవాళ్లు. ఆ ఏడు ఎన్నికలు అయిపోయాక అందరూ వచ్చి తీసుకెళ్లారు, ఒక్కాయన తప్ప. ఆయనకు పురసవాక్కంలో బట్టల కొట్టు, తిరుత్తణి పక్కన చెరకు చేను. ఆయన రైఫిలు తాతలనాటిది, సన్న తూటాలది. ఒకసారి ట్రిగ్గరు నొక్కితే ఒక తూటా పేలి, పేలిన దాని ఇత్తడి గుల్లను తనంతట తానే పక్కకు విసిరేసి, తర్వాతి తూటాను లోపలికి ఎక్కించుకునే రకం. "ఆయుధపూజ దాకా మీ కాడనే ఉండనీ అన్నా. మీ ఇంట్లో పూజ జరిగిన వస్తువంటే నాకు ఒక ధైర్యం" అన్నాడు.

ఆయుధపూజ మా ఇంట్లో పెద్ద పండగ. బల్ల కడిగి, పనిముట్లన్నీ పరిచి, లైసెన్సు ఉన్నవాళ్లు పూజకని వదిలిన తుపాకులను గోడకు ఆనించి నిలబెట్టి, గంధం, కుంకుమ పెట్టేవాళ్లం. ప్రతి ఏడూ ఆ బొట్లు నాయనే పెట్టేవాడు, కర్రభాగం మీద, ఒక్క వేలి కొనతో. పూజ మరుసటి రోజు తనే తుడిచేవాడు. ఆ ఏడు గంధం గిన్నె అమ్మ చేతికిచ్చి, "నువ్వు పెట్టవే, నాకు నడుం పట్టేసింది" అన్నాడు. అమ్మకు సంతోషమైంది. ఇన్నేళ్లకు ఆయన ఆ పని తనకు ఇచ్చాడని ఆ సాయంత్రం నాతో రెండుసార్లు చెప్పింది.

పూజ తర్వాత బట్టల కొట్టాయన వచ్చి రైఫిలు తీసుకుపోయాడు. కొద్ది రోజులకే మళ్లీ వచ్చాడు, పొద్దున పూట, భుజాన అదే సంచితో.

"ఏందన్నా ఇది, పూజ చేసి ఇయ్యమంటే శాపం పెట్టి ఇచ్చినట్టుండాదే" అంటూ నవ్వుతూనే లోపలికి వచ్చాడు. నవ్వులో కోపం ఉంది. "చేన్లో పందులు పడినాయని గాల్లోకి కాల్చినా. మొదటి గుల్లే బయటికి రాక ఆడనే ఇరుక్కునింది. చిన్న కత్తితో పీకి పారేసినా. రెండోదీ అట్నే. పందులు నన్ను జూసి నవ్వుకుని పోయినాయి."

"కూర్చో తమ్ముడూ. కాఫీ తాగి చెప్పు" అన్నాడు నాయన.

"కాఫీ తర్వాత. ఈడ్నే ఉండింది గదా ఇన్నాళ్లు. తుప్పు పట్టిందా ఏంది?"

నాయన సంచిలోంచి రైఫిలు తీసి, మ్యాగజైను లేదని వేలితో తడిమి చూసి, బోల్టు వెనక్కి లాగి, కిటికీ వైపు తిప్పి, లోపలికి చూసి, "ఖాళీ" అన్నాడు. ఏ తుపాకీ చేతికొచ్చినా మా ఇంట్లో పని ఆ మాటతోనే మొదలు.

కానీ ఆ మాటకు ముందు ఇంకొకటి ఉండాలి. ఇంత సన్న తూటా పట్టే చోట్లోకి వేలు దూరదు. అందుకని నాయన ఒక ఇత్తడి కడ్డీ చేసుకున్నాడు. దాన్ని గొట్టం కొసనుంచి లోపలికి జారవిడిస్తే, లోపల ఏమీ లేకపోతే కడ్డీ మీద గీసిన గుర్తు దాకా దిగుతుంది. ఏదైనా ఉంటే ముందే ఆగుతుంది. నాకు అంకెలు రాకముందే ఆ గుర్తు తెలుసు. ఆ రోజు కడ్డీ బల్లమీద దాని చోట్లోనే ఉంది. నాయన దాన్ని తీయలేదు. ఆ కొన్ని నెలల్లో ఆయన దాన్ని తీసినట్టు నాకు గుర్తు రాలేదు కూడా. గీత కనిపించని మనిషికి గీత గీసిన కడ్డీ ఎందుకని తర్వాత అర్థమైంది. ఆ పూట మాత్రం, ఎదురుగా మనిషి ఉన్నాడని మొహమాటం పడ్డాడేమో అనుకున్నాను.

నాయన ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇదీ ఆయన పద్ధతి. స్క్రూడ్రైవరు పట్టుకోకముందు మనిషిని అడగాలి.

"గుల్ల బయటికే రాలేదా, సగం వచ్చి నిలబడిందా?"

"రెండింటికీ ఏం తేడా? రాలేదంటే రాలేదు."

"తేడా ఉంది తమ్ముడూ. లోపలే అతుక్కుంటే ఒక జబ్బు. బయటికొచ్చి, పక్కకి ఎగరకుండా బోల్టు కింద పడి నలిగితే ఇంకో జబ్బు."

బట్టల కొట్టాయన ఆలోచించాడు. "సగం వచ్చినాది. బోల్టు నడుమ నిక్కబొడుచుకుని నిలబడింది, పొగగొట్టం మాదిరి."

"తూటాలు పాతవా?"

"మొన్న తీసుకున్నవే. అదే పెట్టెలోవి మా బామ్మర్ది తుపాకీలో బ్రహ్మాండంగా పేలినాయి. వాడు నన్ను చూసి నవ్వడం వేరే."

"మ్యాగజైను?"

"రెండూ మార్చి చూసినా."

నాయన తల ఊపాడు. తూటా బాగుంది, మ్యాగజైను బాగుంది. ఇక మిగిలింది గుల్లను లాగే కొక్కెం, దాన్ని తన్ని పక్కకు విసిరే చిన్న రేకు. కొక్కేన్ని మా నాయన గోరు అనేవాడు. బోల్టు మూతి దగ్గర, మన చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. తూటా అడుగున ఉండే అంచును పట్టుకుని బయటికి లాగడమే దాని పని. దాని వెనుక వెంట్రుకంత స్ప్రింగు.

"బోల్టు మూసి ట్రిగ్గరు నొక్కి చప్పుడు వింటే లోపలి స్ప్రింగులన్నిటి సంగతీ తెలుస్తాది" అన్నాడు నాయన. ఆయన చప్పుళ్లు వినడం ఈ మధ్య ఎక్కువైంది. నేను దాన్ని అనుభవం అనుకునేదాన్ని. బోల్టును ముందుకు వదలబోతూ రైఫిలును ఒళ్లో పెట్టుకున్నాడు. గొట్టం వంటింటి గుమ్మం వైపు ఉంది. గుమ్మంలో అమ్మ పీట వేసుకుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

నేను నాయనకు ఎడంపక్క నిలబడి ఉన్నాను. కిటికీ వెలుగు బోల్టు తెరిచిన చోట పడుతోంది. లోపల ఒక పసుపు చుక్క మెరిసింది. ఇత్తడి.

వెలుగు అనుకున్నాను. తల పక్కకు జరిపాను. చుక్క పోలేదు.

"నాయనా, ఒక్క నిమిషం" అన్నాను.

"ఏంది పాపా?"

బయట మనిషి ముందు, మా నాయన ఖాళీ అన్న తర్వాత, ఖాళీ కాదని నేనెలా అనేది? బల్ల మీద కడ్డీ తీసుకున్నాను. రైఫిలు ఆయన ఒళ్లోంచి తీయలేదు. గొట్టాన్ని మాత్రం మెల్లగా, పొరపాటున పేలినా తూటా దిగబడేందుకు బల్ల పక్కన ఉంచే ఇసుక పెట్టె వైపు తిప్పాను. నాయన చేతులు అడ్డం పెట్టలేదు. కడ్డీని గొట్టం కొసలోంచి లోపలికి నెట్టాను. అది జారి, ఆగింది. గీత ఇంకా బయటే ఉంది.

నాయన చేయి పట్టుకుని, ఆయన బొటనవేలిని ఆ గీత మీద పెట్టాను. గొట్టం కొసకూ గీతకూ మధ్య ఎంత దూరం ఉందో ఆయన వేలికి తెలియాలని. ఆ దూరం ఒక తూటా పొడవు.

ఆయన వేలు అక్కడే ఉండిపోయింది. ముఖం మాత్రం మారలేదు.

"ఏందన్నా?" అన్నాడు బట్టల కొట్టాయన.

"నువ్వు ఖాళీ చేసి తెచ్చినావా తమ్ముడూ?" అన్నాడు నాయన, మామూలు గొంతుతో.

"చేసినా. రెండో గుల్ల పీకినాక బోల్టు వదిల్తే ఇంకోటి ఎక్కింది. ఇంక చాలనుకుని మ్యాగజైను తీసేసి, బోల్టు రెండుమార్లు గట్టిగా లాగినా. ఏమీ రాలేదు. ఖాళీ అనుకున్నా."

"రాలేదు గాబట్టి ఖాళీ కాదు" అన్నాడు నాయన. "పేలిన గుల్ల ఆ పేలుడు తోపుకే సగం బయటికి వస్తాది, గోరు పట్టినా పట్టకపోయినా. పేలని తూటాను గోరే లాగాల. గోరు పట్టకపోతే అది లోపలే ఉంటాది. నువ్వు ఎన్ని మార్లు లాగినా సరే."

బట్టల కొట్టాయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కూర్చున్న కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"కారులో వెనక సీటు మీద పెట్టినా. పక్కన నా మనవరాలు పడుకోనుండింది. దాని కాళ్లు ఆ సంచి మీదే ఉన్నాయన్నా, దారి పొడుగునా."

వంటింటి గుమ్మంలో చిక్కుళ్లు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. అమ్మ పీట మీద నుంచి లేచి గోడ పక్కకు వెళ్లింది. ఎవరూ చెప్పలేదు, తనే వెళ్లింది.

నాయన ఆ తూటాను ఎలా తీశాడో రాయను. అది తెలిసినవాళ్లు మాత్రమే చేయాల్సిన పని. గొట్టం ఇసుక పెట్టెలో ఉంచి, మమ్మల్నందరినీ వెనక్కి పంపి, చాలాసేపు చేశాడు. మొట్టమొదటిసారి ఆయన చేతులు కాదు, నా కళ్లు కావాల్సి వచ్చాయి. "ఇప్పుడు కనబడతా ఉందా? అంచు ఎంత బయటికొచ్చింది?" అని తన భుజం వెనక నిలబెట్టుకున్న నన్ను అడుగుతూ తీశాడు. తూటా అరచేతిలో పడ్డాక దాన్ని బల్లమీద పెట్టబోతే బల్ల అంచు తప్పింది. అది నేల మీద పడి దొర్లింది. నేను తీశాను.

తర్వాత బోల్టు విప్పాడు. సన్నటి సూదితో గోరు కింద గీకితే గట్టిగా ఎండిన పెళ్లలు రాలాయి. ఎరుపూ పసుపూ కలిసిన రంగు. నాయన వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

బట్టల కొట్టాయన వంగి చూశాడు. "ఇది గంధం గదా? కుంకం గూడా ఉండాది."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. నాయన కర్రమీద పెట్టే బొట్టును ఆమె రైఫిలు పక్కన గుల్లలు బయటికెగిరే సందు దగ్గర పెట్టింది. ఇనుము మీద కర్ర కంటే బాగా నిలుస్తుందని, నూనెతో కలిపి మరీ పెట్టింది. నూనె లోపలికి జారి గంధాన్ని తీసుకుపోయింది. ఎండి, గోరు వెనుక రాయిలా బిగిసింది. ఇక గోరు వంగదు. తూటా అంచును పట్టుకోదు.

"నేనే పెట్టినా" అంది అమ్మ. "ఆడ నోరు మాదిరి ఉంటే, మొగం అనుకుని నుదుట పెట్టినట్టు పెట్టినా. దేవుడి పని గదా అనుకున్నా."

"నువ్వు పెట్టింది తప్పు గాదే" అన్నాడు నాయన.

"మరి?"

"తుడవాల్సింది నేను. తుడిచినా గూడా." వేళ్లకంటిన గంధాన్ని పంచెకు తుడుచుకున్నాడు. "కనబళ్లేదు."

ఆ మాట ఆ ఇంట్లో వినడం అదే మొదటిసారి.

"ఎన్నాళ్ల నుంచి అన్నా?" అని అడిగాడు బట్టల కొట్టాయన. కోపం లేదు గొంతులో. అది ఉంటే బాగుండేది.

"పోయిన ఉగాదికే నడుమ భాగం పోయింది. చుట్టూ మాత్రం కనబడతాది. మనిషి వచ్చినాడని తెలుస్తాది, మొగం తెలీదు. గొంతు వింటే తెలుస్తాది."

"అయితే ఇన్నాళ్లూ నువ్వు ఎట్లా..."

"వేళ్లతో."

బట్టల కొట్టాయన రైఫిలును మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. గోరు శుభ్రమైంది, ఇప్పుడు బాగానే లాగుతుంది, అయినా ఇంకెవరికైనా చూపించమని నాయనే చెప్పాడు. ఆయన గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "నీ మీద కోపం లేదన్నా. కానీ ఈ సంగతి నేను ఎవరికీ చెప్పకుండా ఉండలేను. ఇంట్లో పసిబిడ్డ ఉంది." నాయన తల ఊపాడు. "చెప్పాల్సిందే తమ్ముడూ. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

ఆయన వెళ్లాక అమ్మ పూజగదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేను పనిగది గోడమీది స్వామి పటం ముందు నిలబడ్డాను. ఆ పసుపు చుక్క నా కంట్లో పడ్డందుకు, అమ్మ పీట మీదే ఉన్నందుకు, ఆ పిల్ల కాళ్లు కాళ్లుగా మిగిలినందుకు చేతులు జోడించాను. దండం పెట్టుకుని వెనక్కి తిరిగితే నాయన బల్ల దగ్గరే ఉన్నాడు, రెండు చేతులూ చెక్కమీద చాపుకుని.

"నాయనా" అన్నాను. "ఇంక వద్దు."

"తెలుసు" అన్నాడు. "నేను ఇప్పుడు ఆలోచించేది దాని గురించి గాదు."

"మరి?"

"పోయిన ఉగాది నుంచి ఈ ఇంట్లోంచి ఎన్ని పోయినాయో, వాటి గురించి."

నాకు ఆ మాట అందుకోవడానికి ఆలస్యమైంది. అప్పటిదాకా నేను ఒక్క రైఫిలు సంగతే చూస్తున్నాను. నాయన అప్పటికే మిగతా ఇళ్లన్నిటికీ వెళ్లిపోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే మొదలుపెట్టాం. రిజిస్టరు నా దగ్గర ఉన్నా ఆయనకు దానితో పని పడలేదు. ఏ తుపాకీకి ఏం చేశాడో, ఏ మర మార్చాడో వేళ్లకు గుర్తుంది. ఆయన చెప్పేవాడు, నేను ఫోన్ చేసేదాన్ని. "నాయన చూపు బాగాలేక చేసిన పని అది. దయచేసి ఇంకొక చోట చూపించుకోండి, అప్పటిదాకా దాన్ని ముట్టుకోవద్దు" అని అందరికీ ఒకేలా చెప్పమన్నాడు. మెత్తగా చెప్పబోతే చేయి ఎత్తి ఆపేవాడు. "చూపు బాగాలేక అని చెప్పు. ముసలితనం అని చెప్పొద్దు."

ఒకాయన నవ్వాడు. "ఏమ్మా, మీ నాయన కళ్లు మూసుకుని చేసినా ఇంకొకడు కళ్లు తెరిచి చేసినదానికన్నా మేలు" అన్నాడు. నాయన పక్కనుంచి విని, "నవ్వొద్దని చెప్పు" అన్నాడు. ఇంకొకాయన తమిళంలో తిట్టి ఫోన్ పెట్టేశాడు. ఒకావిడ తన భర్త పోయి నెలలైందని, తుపాకీ స్టేషన్లో అప్పగించేశానని చెప్పి, ఆయన చివరిసారి మా ఇంటికి వచ్చిన రోజు ఏం మాట్లాడాడని అడిగింది. నాయన ఫోన్ తీసుకుని ఆమెతో చాలాసేపు మాట్లాడాడు. బ్యాంకు కాపలా చేసే ఒకాయన నేరుగా ఇంటికొచ్చి గ్రిల్లు దగ్గర నిలబడి, వీధి వీధంతా వినేలా అరిచాడు. "నా బతుకు దాని మీద ఉండాదయ్యా. నువ్వు గుడ్డోడివని ముందే ఎందుకు చెప్పలా?" పెళ్లిపత్రికల కొట్టువాళ్లు పని ఆపి బయటికొచ్చి చూశారు. నాయన గ్రిల్లు తీసి, ఆయన ముందు నిలబడి, అన్నీ విని, "నువ్వు చెప్పింది నిజం" అన్నాడు. ఆయన ఇంకా ఏదో అనబోయి, నాయన చూపు తన ముఖం మీద కాక భుజం పక్కన ఎక్కడో ఆగడం చూసి, నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

చూపించుకున్నవాళ్లు కొందరు తిరిగి ఫోన్ చేశారు. చాలావాటికి ఏమీ కాలేదన్నారు. వేళ్లు బాగానే పనిచేశాయి. ఒకదానికి మాత్రం మర సగమే బిగించి ఉందట. అది విన్న రోజు నాయన అన్నం తినలేదు. అమ్మ కంచం ముందు పెట్టి కూర్చుంది. ఆమె కూడా తినలేదు.

ఆ వారమే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రెండు కళ్లలోనూ మందు చుక్కలు వేసి, లైటు వేసి చూసి, ముందే రావాల్సింది అన్నాడు. ఇప్పుడు మిగిలింది నిలుపుకోవచ్చు గాని పోయింది రాదన్నాడు. నాయన లేచి ఆయనకు దండం పెట్టాడు. లైసెన్సు కూడా ఆ నెలలోనే అప్పగించాం. కౌంటరులో అమ్మాయి ఎందుకని అడిగితే నేను చెప్పేలోపు ఆయనే చెప్పాడు. పనిముట్లు వేరే ఊళ్లో అదే పని చేసే ఒకాయన వచ్చి తీసుకుపోయాడు. గది కడిగాం. గోడమీద స్వామి పటం, కింద బల్ల మిగిలాయి. బల్ల అమ్మొద్దన్నాడు. రోజూ పొద్దున స్నానం చేసి, దండం పెట్టుకుని, దాని దగ్గరే కూర్చుంటున్నాడు. చేతుల కింద ఏమీ ఉండదు. ఆ చేతుల్ని చూడటం నాకు ఇప్పుడు కష్టం.

ఒక్క రైఫిలు ఆచూకీ తెలియలేదు. అది కూడా బట్టల కొట్టాయన దాని లాంటిదే. రాయపురం నుంచి ఒకాయన తెచ్చాడు. గోరు వెనుక స్ప్రింగు నాయనే మార్చాడు, చూపు పోయాక. ఆయన నంబరు స్విచ్ఛాఫ్ వస్తోంది. ఇంటికి వెళ్తే ఇల్లు ఖాళీ చేసి పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. మూడు నెలల పాపను ఎత్తుకుని కోడలు వచ్చిందనీ, ఆ తర్వాత అందరూ కలిసి ఊరు వెళ్లిపోయారనీ, ఏ ఊరో తెలియదనీ చెప్పారు. స్టేషన్లో చెప్పాం. రాసుకున్నారు. లైసెన్సు ఆఫీసులో చెప్పాం. కనుక్కుని చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు.

నిన్న కూడా వెళ్లేసరికి నాయన బల్ల దగ్గరే ఉన్నాడు.

"ఆ నంబరు పలికిందా పాపా?"

"లేదు నాయనా."

బొటనవేలూ చూపుడువేలూ కలిపి, వాటి మధ్య వెంట్రుకంత వస్తువు ఏదో పట్టుకున్నట్టు మెల్లగా తిప్పాడు. "ఆ స్ప్రింగు సరిగానే కూర్చున్నట్టు అనిపించింది. వేలికి బాగానే అనిపించింది." మళ్లీ తిప్పాడు. "అనిపించింది" అన్నాడు.

అమ్మ కాఫీ తెచ్చి ఆయన చేతిని గ్లాసు దగ్గరికి తీసుకెళ్లింది. నేను పక్కగదిలోకి పోయి ఆ నంబరు ఇంకోసారి కలిపాను.